సరే అంటేనే లాగాలి

ఏదో ఒకటి విరిగితే బాగుండును. ఒక బేరింగు పట్టేయొచ్చు, ఒక బెల్టు తెగొచ్చు. ఇన్నేళ్ళు షెడ్డు వెనక పిచ్చిమొక్కల్లో పడి ఉన్న ఇనుము కదా, ఎక్కడో ఒకచోట అలిగి కూర్చునే హక్కు దానికి లేకపోలేదు. కానీ అది అలగడం లేదు. కోత మిషను ముందు తగిలించిన ఆ పాత తల, మొక్కల్ని కోసి లోపలికి లాగే ఆరు సాళ్ళ తల, నిన్నో మొన్నో కొనుక్కొచ్చినదానిలా ఆడుతోంది. పొద్దుతిరుగుడు మొక్కలు వరసగా వచ్చి దాని ముక్కుల మధ్య దూరుతున్నాయి, రెండు వైపుల నుంచీ రబ్బరు బెల్టులు కాడని పట్టుకుంటున్నాయి, కింద గుండ్రటి కత్తి తెలియకుండా కోసేస్తోంది, నల్లబడి వంగిన పువ్వులు గింజ రాల్చకుండా లోపలికి పోతున్నాయి. ఏం పొయ్యేకాలమొచ్చిందని ఇవాళ ఇంత బాగా ఆడుతోంది ఇది, అనుకుంది సీట్లో కూర్చున్న ఆమె, స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి. ఇంకో గంట. గంట కూడా పట్టదేమో. ఆ చివర గట్టు, గట్టు మీద ఆగి ఉన్న ట్రాక్టరు, ట్రాక్టరు మీద కూర్చుని ఇటే చూస్తున్న భర్త, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. ఈ మడి అయిపోతే ఆమె వెళ్ళిపోతుంది. అక్క కారు తీసుకుని బయల్దేరానని పొద్దున్నే ఫోన్ చేసింది. సంచీ సర్ది మంచం కింద పెట్టి ఉంది. మళ్ళీ రాకూడదనే వెళ్తోంది. ఈ సంగతి అతనికి తెలుసో లేదో ఆమెకి తెలియదు. చెప్పడమైతే చెప్పింది. చెబితే అతను సరే అన్నాడు. ఆ సరే ఏ సరేనో తేలక ఇన్నాళ్ళుగా ఆమెకి తిండీ లేదు, నిద్రా లేదు.

మామూలు ఇళ్ళల్లో అయితే ఇందులో తేలకపోవడానికేముంది. తలుపు వెయ్యనా అంటే సరే, లైటు తియ్యనా అంటే సరే, నోరు తెరిస్తే రాలిపడే మాట అది. ఈ ఇంట్లో అలా కాదు. ఈ ఇంట్లో ఆ మాట ఒక్క పనికే. మిషను తలలో చెయ్యి పెట్టి పని చేస్తున్న మనిషి, చెయ్యి తీసేసి, ఒళ్ళు తీసేసి, పూర్తిగా బయటికొచ్చాక, పైన సీట్లో ఉన్నవాళ్ళకి వినపడేలా సరే అనాలి. సరే అంటేనే తలని ఆడించే లివర్ లాగాలి. సీట్లోంచి చూస్తే తల కిందున్న మనిషి కనపడడు కదా, ముక్కులూ రేకులూ అడ్డం. అందుకని చూపుకి బదులు ఆ మాట. నాన్న పెట్టిన నియమం. ఊరికే పెట్టలేదు. ఆమె పుట్టకముందు ఒకసారి నాన్న బెల్టుల మధ్య చెయ్యి పెట్టి చెత్త పీకుతుంటే ఎవరో గట్టు మీంచి టీ తాగుతావా అని కేకేశారట, నాన్న సరే అన్నాడట, సీట్లో ఉన్న చిన్నాన్న అది తనతోనే అనుకుని లాగేశాడట. ఎడమ చేతికి రెండు వేళ్ళు పోయాయి. ఆ తర్వాత నాన్నని అందరూ ఎనిమిదేళ్ళ మేస్త్రీ అనేవాళ్ళు. కొత్తగా వచ్చినవాళ్ళు అదేమిటి, ఎనిమిదేళ్ళప్పుడే మేస్త్రీ అయ్యాడా అని ఆశ్చర్యపోతే, ఏళ్ళు కాదు బాబూ వేళ్ళు, అని నాన్నే చెయ్యి చాపి చూపించి నవ్వేవాడు. ఒక్క టీకి రెండు వేళ్ళిచ్చిన దాతని, ఆ టీ కూడా తాగనివ్వలేదు వెధవలు, అనేవాడు. చిన్నాన్న మాత్రం ఆ మాటకి ఏనాడూ నవ్వలేదు. అప్పటి నుంచీ షెడ్డులోనే కాదు, ఇంట్లో కూడా సరే అనకూడదు. అలాగే అను, ఊఁ అను, మంచిది అను, తల ఊపు, నీ ఇష్టం. నోరు జారితే పిల్లలకి మొట్టికాయ, అమ్మకైతే ఒక చూపు. బళ్ళో టీచరు ఏం చెప్పినా అక్కా తనూ అలాగేనండీ, మంచిదండీ అంటుంటే, ఏ కాలం పిల్లలర్రా మీరు, మా తాతమ్మలా మాట్లాడతారు, అని ఆవిడ నవ్వేది.

అతనూ ఈ ఇంటికొచ్చినప్పుడు ముందు ఆ నియమమే నేర్చుకున్నాడు. ఏదో గేర్ బాక్సు విప్పి బిగించి పోదామని వచ్చిన మెకానిక్, ఉండిపోయాడు. పేరుతో పిలిచేవాళ్ళు తక్కువ, అందరూ పానా అనేవాళ్ళు, నిద్రలో కూడా జేబులో ఒక పానా ఉంటుందని. మాట తక్కువ మనిషి. మాట్లాడితే ఎక్కడ బోల్టు ఊడిపోతుందోనని భయం కాబోలు మీ ఆయనకి, అనేది అక్క. కానీ ఆ రోజుల్లో ఆ తక్కువలోనే ఆమెకి బోలెడు వినపడేది. ఆమె పైన, అతను కింద, మధ్యలో ఆ ఒక్క మాట. సరే అని అతని గొంతు రాగానే ఆమె చెయ్యి దానంతటదే లివర్ లాగేది, ఆలోచన అనేదే లేదు. ఒక మనిషి తన చేతులు రెండూ తెచ్చి ఇలా రోజూ నమ్మకంగా నీ చేతిలో పెడుతుంటే ప్రేమ పుట్టక ఏం పుడుతుంది, ఎవరికైనా. నాన్న ఒకరోజు గుడ్డతో గ్రీజు తుడుచుకుంటూ, వాడు నిన్ను చేసుకుంటానంటున్నాడే, ఏమంటావ్, అని అడిగితే సరే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చేసింది. మింగేసి, అలాగే, అంది. ఆ మింగడం నాన్న చూశాడు. పడీపడీ నవ్వాడు, నవ్వీనవ్వీ కళ్ళలో నీళ్ళొస్తే గ్రీజు గుడ్డతోనే తుడుచుకుని మొహమంతా నలుపు చేసుకున్నాడు. నాన్నే ఉంటే ఇప్పుడు వెళ్ళి అడిగేది. నాన్నా, నీ అల్లుడు అన్న సరే ఏ సరేనో కాస్త నువ్వే చెప్పు, నాకు తెలియడం లేదు, అని.

మడి చివర మలుపు. కోత తల పైకెత్తింది, మిషను తిప్పింది, మళ్ళీ దించింది. ముక్కులు నేలని రాసుకుంటూ సాళ్ళ మధ్యకి సర్దుకున్నాయి. కిటికీ అద్దం మీద సన్నటి నూగు, వైపరు పని చెయ్యదు, చేత్తో తుడిస్తే లోపలి వైపు మరకే మిగులుతుంది. ఆసుపత్రి గదికీ ఇలాగే మరకల అద్దం. గోడలు లేత ఆకుపచ్చ. పోయిన కోతల్లో. పాప పుట్టింది, ఏడవలేదు. పుట్టకముందే అయిపోయిందమ్మా అని డాక్టరమ్మ చెబుతుంటే ఆమెకి అర్థం కాలేదు, అయిపోవడమేమిటి, ఇంకా మొదలు కాందే. అతను వేరేవాళ్ళ పొలంలో మిషను మీద ఉన్నవాడు ఉన్నట్టే పరిగెత్తుకొచ్చాడు, జుట్టు నిండా నూగు, చేతుల నిండా గ్రీజు. ఎత్తుకుంటారా, అని అడిగింది నర్సు. అతను సబ్బు అడిగాడు. మోచేతుల దాకా కడుక్కున్నాడు, గోళ్ళ సందుల్లో నలుపు పోయేదాకా కడుక్కున్నాడు, నీళ్ళ చప్పుడు ఎంతకీ ఆగలేదు, మంచం మీంచి ఆమె వింటూనే ఉంది. తర్వాత ఎత్తుకున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఏమైనా అంటాడేమోనని చూసింది. నాతో కాకపోతే మానె, దాంతోనైనా ఒక్క మాట అంటాడేమోనని. అనలేదు. నర్సు వచ్చి చేతులు చాపితే ఇచ్చేశాడు. ఇచ్చేటప్పుడు కూడా తల కింద అరచెయ్యి పెట్టి ఇచ్చాడు, మెడ వాలకుండా. ఆ అరచెయ్యి గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి గుండె పిండేసినట్టవుతుంది. ఇప్పుడూ అయింది. ముందున్న సాళ్ళన్నీ అలుక్కుపోయాయి. భుజానికి కళ్ళు తుడుచుకుని స్టీరింగు సరిచేసుకుంది.

ఇంటికొచ్చిన మర్నాడే అతను పార తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళాడు. నాన్న కాలంలోనే ఇంక లాభం లేదని పక్కన పడేసిన ఆ తలని మొక్కల్లోంచి తవ్వి, గొలుసు కట్టి, ట్రాక్టరుతో లాగాడు. పక్క పొలం పెద్దాయన గట్టు మీద నిలబడి, పాత ఇనుము వాడు కూడా ముట్టుకోడు దాన్ని, నీకేం పనీ పాటా లేదా పానా, అన్నాడు. పాలు గడ్డకట్టి, జ్వరంతో, ఎవరికి ఇవ్వాలో తెలియని ఒళ్ళు వేసుకుని ఆమె లోపల పడుకుని ఉంటే బయట సుత్తి చప్పుడు. టంగ్ టంగ్ మని. తెల్లారినప్పటి నుంచీ. ఈ మనిషికి గుండె ఉన్నచోట కూడా ఏదో బోల్టు బిగించి ఉంటుంది, అనుకుంది. ఒకరోజు ఇంక తట్టుకోలేక లేచి వెళ్ళింది, నాలుగు దులిపేద్దామనే వెళ్ళింది. చూస్తే అతను పట్టేసిన షాఫ్టు ముందు నేల మీద చతికిలబడి, దాని మీద చెయ్యి వేసుకుని, ఏమీ చెయ్యకుండా కూర్చున్నాడు. సుత్తి పక్కన ఉంది. అక్కడున్న నూనె డబ్బా అందుకుని ఆ షాఫ్టు మీద ఒక్కో చుక్కా వేసింది. అతను చూశాడు. కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. అలా మొదలైంది.

ఆ చలికాలమంతా ఇద్దరూ దాన్నే పట్టుకుని కూర్చున్నారు. గేర్ బాక్సులు విప్పారు, సీళ్ళు మార్చారు, బేరింగులు కొట్టి తీశారు, చిల్లులు పడ్డ రేకుల్ని కోసి కొత్తవి అతికించారు. కత్తులకి పదును ఆమే పెట్టింది. పనిలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది, పక్కనే ఒక ఊపిరి ఉండేది. బెల్టులు ఎక్కించే రోజు వచ్చింది. ప్రతి సాలుకీ రెండు బెల్టులు, బెల్టుకి వరసగా రబ్బరు పళ్ళు. అవి ఎదురెదురుగా పడితే కాడ నలిగి విరుగుతుంది, పువ్వు నేలపాలు. ఒకదాని పళ్ళు ఇంకోదాని సందుల్లో పడాలి, అప్పుడే మొక్క నిలబడి లోపలికొస్తుంది. ఎలా పడాలి, సరిగ్గా చూపించు, అంది ఆమె. అతను మాటతో చెప్పలేదు. ఆమె చెయ్యి తీసుకుని తన వేళ్ళ సందుల్లో ఆమె వేళ్ళు పెట్టాడు. ఇలా, అన్నట్టు. రెండు చేతులూ గ్రీజే. ఆసుపత్రి నుంచి వచ్చాక అతను ఆమెని ముట్టుకోవడం అదే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అతను తీసుకున్నాడు, రెండో బెల్టు అందుకోవడానికి. ఆ సాయంత్రం ఏదైనా చెబుతాడనుకుంది. పోనీ మర్నాడు సాయంత్రం. పోనీ ఆ పై సాయంత్రం. మాట కోసం మనిషి అలా ఎన్ని సాయంత్రాలని కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. పాప అన్న మాట ఆ ఇంట్లో ఎవరూ అనలేదు. ఆమె అనబోయినప్పుడల్లా అతను ఏదో పనిముట్టు వెతుక్కుంటూ లేచిపోయేవాడు. వెతుక్కున్నది చేతిలోనే ఉండేది. అది తనకొక్కదానికే పుట్టినట్టూ తనకొక్కదానికే పోయినట్టూ అనిపించేది ఆమెకి. పక్కన మనిషి ఉండగా ఒంటరిగా ఉండటం కంటే, ఎవరూ లేనిచోట ఒంటరిగా ఉండటమే తేలిక కదా అనిపించింది. అక్కకి ఫోన్ చేసి ఏడ్చింది. వచ్చెయ్యవే, నా దగ్గరికి వచ్చెయ్, అంది అక్క.

మిషనుకి తల తగిలించి మొదటిసారి ఆడించే రోజున చెప్పింది. ఇంజను నడుస్తోంది. ఆమె సీట్లో, అతను తల కింద మూడో సాలు బెల్టు బిగువు చూస్తున్నాడు. ఎప్పట్లాగే కనపడటం లేదు. కనపడనప్పుడే చెప్పగలననిపించింది, మొహం చూస్తే నోరు పెగలదు. తలుపు తీసి మెట్టు మీద నిలబడింది. పక్కన పడుకుని గుసగుసగా చెప్పాల్సిన మాట, ఇంజను చప్పుడు మీద కూరలవాడిలా అరిచి చెప్పాల్సి వచ్చింది. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"కోతలయ్యాక నేను అక్క దగ్గరికి వెళ్ళిపోతాను. మళ్ళీ రాను."

అరిచి ఆగింది. ఇంజను తన పాట తను పాడుకుంటోంది. కాసేపటికి కింద నుంచి అతని గొంతు వచ్చింది. సరే, అని. అంతే. ఆమె తలుపు మూసి సీట్లో కూర్చుంది. లివర్ మీద చెయ్యి వేసింది. అన్నేళ్ళ అలవాటు, ఆ మాట వినపడితే లాగాలి. చెయ్యి కదల్లేదు. వేసింది వేసినట్టే ఉండిపోయింది. లోపల్నుంచి ఏడుపు తన్నుకొచ్చింది. ఇంజను ఆపేసి, దిగి, అటువైపు చూడకుండా ఇంట్లోకి వెళ్ళి, తలనొప్పి అని గోడ వైపు తిరిగి పడుకుంది. అతను ఎప్పటికో వచ్చాడు. వచ్చి చేతులు కడుక్కున్నాడు, చాలాసేపు.

అప్పటి నుంచీ ఇదే లెక్క, ఎంతకీ తెగని లెక్క. అది షెడ్డు సరే అయితే, బయటికొచ్చేశాను, లాగు, అని. అంటే ఆమె అరిచింది ఇంజను మింగేసింది, అతనికి ఏమీ తెలియదు, పాపం రేపు మంచం కింద సంచీ చూసి గుడ్లు తేలేస్తాడు. అలా కాక అది లోకంలో అందరూ అనే సరే అయితే, వెళ్తానంటున్నావా, వెళ్ళు, నాదేం పోయింది, అని. మొదటిదైతే జాలి, రెండోదైతే కడుపుమంట, తెల్లారి ఒకటి అనిపిస్తే మధ్యాహ్నానికి ఇంకోటి. నోరుందిగా అడగొచ్చుగా, అంటుంది అక్క. ఏమని అడగడం. వినపడలేదంటే ఇంకోసారి చెప్పాలి, ఆ బలం లేదు. వినపడిందంటే ఇంకోసారి ఆ సరే వినాలి, ఆ బలం అసలే లేదు. తన మొగుడు తనని పొమ్మన్నాడా లేదా అన్నది తెలియకుండా ఎవరైనా ఇన్నాళ్ళు వంట చేస్తారా, చేసింది. ఎదురెదురుగా కూర్చుని తిన్నారు కూడా. ఉప్పు అందుకో అంటే అందుకున్నాడు.

టక్‌మంది ఎక్కడో. తర్వాత కీచుమని అరుపు. మూడో సాలు బెల్టు ఆగిపోయి, మొక్కలు విరిగి ముక్కుల మీద పడుతున్నాయి. ఆమె గుండె ఎగిరి గంతేసింది, నిజం, దాచుకోవడానికేముంది, గంతేసింది. విరిగింది. విరిగితే ఇవాళ కాదు. విప్పాలి, సామాను తేవాలి, రేపో ఎల్లుండో. లివర్ తోసేసి ఇంజను ఆపింది. గట్టు మీంచి అతను ఇనప కొక్కెం పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చి మిషను తల కిందకి వంగి కనపడకుండా పోయాడు. ఏదో పీకుతున్న చప్పుడు. ఇప్పుడంటాడు, అనుకుంది, వెధవ చెవులు రిక్కించుకుని. అనడని తెలుసు. ఆ రోజు నుంచీ అతను ఆ మాటే మానేశాడు. పని అయ్యాక నడిచొచ్చి, సీట్లోంచి కనపడేలా దూరంగా నిలబడి, రెండు చేతులూ పైకెత్తి చూపిస్తున్నాడు. మొదటిసారి చూసినప్పుడు ఇదేం కొత్త వేషం అనుకుంది. తర్వాత్తర్వాత తట్టింది, ఉన్న ఒక్క సరేనీ నా మీద ఖర్చు పెట్టేశాడు కదా, ఇంకెక్కడి నుంచి తెస్తాడు, అని. ఇప్పుడూ అలాగే వచ్చి నిలబడ్డాడు. ఒక చేతిలో తాడులా మెలిపడిన కలుపుతీగ, రెండో చెయ్యి ఖాళీ. విరగలేదు, తీగ చుట్టుకుందంతే. ఆమె ఇంజను వేసి, అతను గట్టెక్కేదాకా ఆగి, లివర్ లాగింది. మూడో సాలు మిగతావాటితో కలిసిపోయింది.

గింజల తొట్టి నిండింది. అతను ట్రాక్టరు తెచ్చి మిషను పక్కనే నడిపించాడు. ఆగకుండా, ఇద్దరూ ఒకే వేగంతో, గొట్టంలోంచి గింజ ట్రాలీలో పడుతుంటే. ఇందులో వీళ్ళని మించినవాళ్ళు లేరు చుట్టుపక్కల, ఒక్క గింజ బయట పడనివ్వరు. చూసినవాళ్ళు అదృష్టవంతులర్రా ఆ మొగుడూ పెళ్ళాలు అనుకుంటారు. అతను ఎప్పుడూ గొట్టం మూతి వైపే చూస్తాడు. ఇవాళ ఒకసారి ఆమె వైపు చూశాడు. చూస్తే ట్రాక్టరు వెనకబడింది, గుప్పెడు గింజలు నేల మీద పడ్డాయి. ఏమయింది ఈ మనిషికి, అనుకుంది. నల్లటి గింజలు, బరువున్న గింజలు, ఈ తల వల్లే ఇంత గింజ చేతికొచ్చింది, పక్క పొలం పెద్దాయన పొద్దున వచ్చి నోరు తెరిచి చూసి వెళ్ళాడు. నాన్న చూసి ఉంటే ఎనిమిది వేళ్ళతో చప్పట్లు కొట్టేవాడు. ఇద్దరం కలిసి ఇంత మంచి పని చేశాం. ఇంత మంచి పని చేసిన ఇద్దరం ఒక్క మాట అనుకోలేకపోయాం. ఏడుస్తూనే నడిపింది. ఇంజను చప్పుడులో ఎంత ఏడ్చినా ఎవరికీ వినపడదు, అదొక సుఖం.

ఆఖరి ఆరు సాళ్ళు. మలుపు తిప్పి దించింది. ఇటు చివర రోడ్డు మీద దుమ్ము లేస్తోంది, అక్క కారే అయి ఉంటుంది. సగం దూరం వచ్చేసరికి ఎదురుగా, మొక్కల మధ్యలో, మనిషి. అతను. ట్రాక్టరు వదిలేసి సాళ్ళలోకి నడిచొచ్చి నిలబడ్డాడు, పువ్వులు ఛాతీ దాకా ఉన్నాయి. ఆమె బ్రేకు మీద నిలబడినంత పని చేసింది. లివర్ తోసేసింది. అతను పక్క నుంచి చుట్టి వచ్చి, మెట్లెక్కి, తలుపు తీసి, లోపలికి రాకుండా అక్కడే నిలబడ్డాడు. ఇంజను ఆపు, అన్నాడు. ఆపింది. అప్పటిదాకా ఉన్న చప్పుడంతా పోయి, చెవులు హోరుమన్నాయి.

"సంచీ చూశాను," అన్నాడు. "ఆ రోజు నువ్వు చెప్పింది నాకు వినపడింది."

అయితే రెండోదే. తేలిపోయింది. దీనికి ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నాననుకుంది ఆమె, లేదు. అయినా గొంతు గట్టిగానే వచ్చింది.

"వినే సరే అన్నావన్నమాట. మరింకేం, పొమ్మన్నావు, పోతున్నాను. దిగు, ఈ కాస్తా అయిపోనీ."

అతను దిగలేదు. తలుపు ఊచ ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

"నేను పొమ్మన్నాననుకుని మాత్రం పోవద్దు," అన్నాడు. "నేనప్పటికి బయటికి రాలేదు."

"ఎక్కడి నుంచి?"

"దాంట్లోంచి." గడ్డంతో మిషను తల వైపు చూపించాడు. "లోపలే ఉన్నాను. నువ్వు పోతానన్నావు. ఇంక చాలనిపించింది. సరే అన్నాను."

ఒక్క క్షణం ఆమెకి అర్థం కాలేదు. తర్వాత అర్థమవడం మొదలై ఆగలేదు. ఆ రోజు తన చెయ్యి లివర్ మీద ఉంది. మాట వినపడింది. అన్నేళ్ళుగా ఆ మాట వినపడ్డాక ఒక్కసారి కూడా ఆగని చెయ్యి. ఎందుకు ఆగిందో ఇప్పటికీ తెలియదు, ఏడుపొచ్చి ఆగింది, అంతే, ఆ ఏడుపు ఇంకొక్క ఊపిరి ఆలస్యంగా వచ్చి ఉంటే. రెండు సరేలని పట్టుకుని ఇన్నాళ్ళూ తనలో తను తన్నుకుంది, మూడో సరే ఒకటుంటుందని తట్టలేదు, ఎలా తడుతుంది, ఏ ఆడదానికి తడుతుంది. ఇప్పుడూ చెయ్యి దాని మీదే ఉంది. కాలినట్టు లాక్కుంది. లేచి, రెండు చేతులతోనూ అతని ఛాతీ మీద కొట్టింది, భుజాల మీద కొట్టింది, అతను వెనక్కి పడిపోతాడేమోనని చొక్కా గుప్పిట్లో పట్టుకునే కొట్టింది.

"నా చేత్తోనా?" అంది. "నా చేత్తో చేయిద్దామనుకున్నావా?"

అతను దెబ్బలు తప్పించుకోలేదు. అది ఆలోచించలేదన్నాడు. ఏమీ ఆలోచించలేదన్నాడు. పాపని నర్సు చేతికి ఇచ్చాక చేతులు ఖాళీ అయిపోయాయనీ, ఏదో ఒకటి పట్టుకోకపోతే ఉండలేకపోయాననీ, ఆ ఇనుము పట్టుకున్నాననీ అన్నాడు. అది కూడా బాగుపడిపోయింది, నువ్వూ పోతానన్నావు, అన్నాడు. పాప అన్నాడు. ఆ మాట అతని నోట ఎలా ఉంటుందో ఆమెకి అప్పటిదాకా తెలియదు. కొత్తగా మాటలు నేర్చుకునేవాడు అన్నట్టుంది. చెప్తూ చెప్తూ మెట్టు మీదే కూలబడ్డాడు. ఏడవడం కూడా సరిగ్గా రాలేదు, ఊపిరి అందనివాడిలా చప్పుడు చేశాడు. ఆమె కూడా కూర్చుంది, ఆ ఇరుకు మెట్టు మీద. ఓదార్చాలని లేదు. కోపం పోలేదు, ఇది పోయే కోపం కాదు. అయినా అతని చొక్కా వదల్లేదు.

గట్టు దగ్గర అక్క కారు ఆపి హారన్ కొట్టింది. ఆమె లేచింది. చొక్కా వదిలి మణికట్టు పట్టుకుంది. దిగు, అంది. మెట్లు దిగారు, కోసిన మొదళ్ళ మధ్య నుంచి నడిచారు, వెనక ఆఖరి సాళ్ళు సగం కోసి సగం కొయ్యకుండా ఉండిపోయాయి. అతను ఒకసారి వెనక్కి తిరిగి చూడబోతే చెయ్యి లాగింది. అక్క కారు దిగి నిలబడి, ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, సంచీ ఏదే, అంది. ఆమె వెనక తలుపు తీసి అతన్ని నూగుతో, గ్రీజుతో అలాగే లోపలికి నెట్టి, పక్కన కూర్చుంది.

"డాక్టరు దగ్గరికి పోనియ్యక్కా," అంది.

ఎవరికే, ఏమైందే, అని అక్క కంగారుగా వెనక్కి తిరిగింది. ఈయనకి, అనబోయింది ఆమె.

"మా ఇద్దరికీ," అంది.